తోక మీద నీలిగీత

ఆర్మూర్,
6 నవంబర్ 2023

పూర్ణిమా బిడ్డా,

పిచ్చుక నేల రాలినా లెక్కపెట్టుకునే దేవుడు ఆ పెద్ద పట్నంలో నిన్ను కూడా మరవకుండా చూచును గాక.

నా రాత చూసి నవ్వకు. నేను అక్షరాలు నేర్చింది బడిలో కాదు, వాక్యం చదవాలన్న కసితో. అందుకే కలం పడితే గ్రంథం భాష వస్తుంది. నోరు మాత్రం ఆర్మూర్ నోరే, నీకు తెలుసు.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగించావట. ఇంట్లో ఫోను లేదు. మీ బావ జితేందర్ దాన్ని రోకలితో చితగ్గొట్టాడు. "అమ్మా, గిది బందువెట్టినా మాట్లాడుతనే ఉన్నది. నన్నే తిడుతున్నది" అన్నాడు. పక్కింటి ఇనాయత్ తన ఫోను తెస్తే దాన్ని చూసి కూడా గోడకు అంటుకుపోయాడు. అప్పుడు ఇనాయతే ఆటోలో పోయి ఈ కవర్లు తెచ్చిచ్చాడు. "ఫికర్ చెయ్యకు అక్కా, పోస్టు డబ్బా ఇంక సచ్చిపోలేదు. దాంట్లకెల్లి మాటలు బయటికి రావు" అన్నాడు.

నిజామాబాద్ దవాఖానలో ఇచ్చిన గోలీలు వేస్తున్నాను. నీకు మాట ఇచ్చాను గనుక. నా లోపల మాత్రం అది ఓటమి. పసుపు కుప్పల నడుమ నిలబడి ఎందరి తలల మీద చేయి పెట్టి గర్జించాను! కమలవ్వ మోకాళ్లు, గంగాదాస్ తాగుడు, దేన్నీ వదల్లేదు. నా కొడుకు దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో గోలీ. కొమ్ములు ఏరే ఆడోళ్లు మూతులు తిప్పుతున్నారు. "ఊరందరి దయ్యాలను ఎల్లగొడతది, ఇంట్లదాన్ని సాదుకుంటది" అని. నేను ఊరుకుంటానా? "మీ ఇండ్లల్లయి కల్లు దుకాణంకెల్లి వస్తయి, నా కొడుకుది గట్ల కాదు" అన్నాను. అని, ఇంటికొచ్చి ఏడ్చాను.

నీ నాయన, నా తమ్ముడు లచ్చన్న, దుబాయి నుంచి వచ్చినప్పుడు చెప్పాడు. నువ్వు బెంగళూరులో ఎలుకల తలకాయలు పరీక్ష చేస్తున్నావట. మీ అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఒళ్లో పెరిగిన పిల్లవు. ఇంత చదివి ఎలుకలా బిడ్డా? దాచకుండా రాయి.

బాప్తిస్మంలో మార్తమ్మ,
పసుపు కాడ అందరికీ లసుమవ్వ,
నీకు అత్త


బెంగళూరు,
21 నవంబర్ 2023

అత్తా,

నీ కవరు ల్యాబ్‌లో చింపితే పసుపు వాసన గుప్పుమంది. పక్క కుర్చీ అమ్మాయి "ఏం వండుతున్నావు" అంది. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఎలుకల సంగతి చెప్తాను. బావకున్న జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. బతికున్న మనిషి మెదడును విప్పి చూడలేం కదా. అందుకని ఎలుకలో ఆ జబ్బు పెడతాం. ఒక మందు ఎక్కిస్తే దానికి అలాంటిదే మొదలవుతుంది. తోటివాటి దగ్గరికి పోదు. మూలకు ముడుచుకుంటుంది, లేదా ఆగకుండా తిరుగుతుంది. అప్పుడు మత్తిచ్చి, పెద్ద అయస్కాంతం ఉన్న స్కానర్‌లో పడుకోబెట్టి, మెదడులో నెత్తురు ఎటు ఎంత పారుతోందో బొమ్మ తీస్తాం.

మన కాలువే అనుకో. తూము పక్క పొలం మునిగిపోతుంది, చివరి మడికి తడి కూడా అందదు. మా ఎలుకల్లోనూ అలాగే కనిపిస్తోంది. జ్ఞాపకాలు దాచుకునే చోట నెత్తురు పోటెత్తుతోంది. నిదానంగా ఆలోచించే ముందు భాగం ఎండిపోతోంది. ఎక్కడ గండి పడిందో తెలిస్తే పూడ్చే మందు వెతకొచ్చు. నేను ఈ పనిలోకి ఎందుకొచ్చానో నీకు వేరే చెప్పాలా?

గోలీలు ఓటమి కాదు అత్తా. పసుపు ఉడకబెట్టకుండా ఎండబోస్తావా? ఉడకని కొమ్ము పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పుచ్చిపోతుంది అని నువ్వే చెప్పేదానివి. నీ ప్రార్థన ఎండ అయితే గోలీ ఉడుకు. రెండూ ఉండాలి.

బావను అడిగానని చెప్పు.

పూర్ణిమ


ఆర్మూర్,
12 డిసెంబర్ 2023

నా బిడ్డా, నా కళ్లు తెరిపించినదానా,

నీ ఉత్తరం చదివి వాకిట్లో నిలబడి హల్లెలూయా అని అరిచాను. ఇనాయత్ ఆటో ఆపి "ఏమైందక్కా, లాటరీ తగిలిందా?" అన్నాడు. అంతకన్నా పెద్దదే అన్నాను.

సమాధుల మధ్య బట్టలు లేకుండా తిరిగినవాడి సంగతి నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను! గొలుసులు వేస్తే తెంచుకునేవాడు. రాళ్లతో ఒళ్లు కోసుకునేవాడు. వాడిలో ఉన్న సేననంతా ప్రభువు పందుల్లోకి పొమ్మన్నాడు. పందులు కొండ మీది నుంచి ఉరికి నీళ్లలో పడ్డాయి. ఊరివాళ్లు వచ్చి చూస్తే ఆ మనిషి బట్టలు కట్టుకుని, బుద్ధి కుదిరి, నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. బట్టలు కట్టుకుని కూర్చున్న కొడుకు! అంతకన్నా నేను ఏమడిగాను దేవుణ్ణి?

మీరు చేస్తున్నది అదే కదా. రోగాన్ని ఎలుకలోకి పంపుతున్నారు. నా మోకాళ్ల ప్రార్థనకు జవాబు మిషన్ రూపంలో, అదీ నా చేతుల మీద పెరిగిన పిల్ల చేతికి వచ్చింది. ఒక్కటే అర్థం కాలేదు. ఎవరి రోగాన్ని పంపుతున్నారు? ముక్కూ మొహం తెలియనివాళ్లదా? ఇంట్లో నీ బావ ఉండగా?

అందుకే జితేందర్ చొక్కా పార్సిల్ చేస్తున్నాను. మన ప్రార్థన కూడికకు రాలేనివాళ్ల బట్ట తెస్తారు, దాని మీద ప్రార్థిస్తాం, గుర్తుంది కదా. వాడు రాలేడు గనుక వాడి బట్ట వస్తుంది. ఉతకలేదు. ఉతికితే వాడు పోతాడు దాంట్లోంచి.

వాడికి చెప్పాను. వాడు అడిగాడు: "అమ్మా, గా ఎలుక తెల్లదా, నల్లదా?" ఎన్ని నెలలకో నా మొహం చూసి మాట్లాడాడు. ఏ రంగో రాయి.

నీ అత్త


బెంగళూరు,
8 జనవరి 2024

అత్తా,

చొక్కా అందింది. ఆ నీలం గళ్ల చొక్కానే పంపుతావనుకోలేదు. నేను పదో తరగతి పాసైనప్పుడు బావ అది వేసుకునే నన్ను సైకిల్ మీద ఊరంతా తిప్పి అందరికీ చెప్పాడు. స్కానర్ గదిలోకి బయటి బట్ట తేకూడదు. పక్క గదిలో నా కుర్చీకి తగిలించుకున్నాను.

నీ ఉత్తరానికి జవాబు నాలుగైదు సార్లు రాసి చింపాను. నువ్వు అనుకున్నట్టు ఒకరిలోంచి తీసి ఇంకొకదానిలో పెట్టడం కాదు అని మొదలుపెట్టేదాన్ని. నువ్వు వాకిట్లో నిలబడి అరిచింది గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని. అలాగే అనుకో అత్తా. తప్పేముంది? బావలోంచి తీయడానికే కదా ఎలుకల్లో పెడుతున్నాం. ఒక్క షరతు. మా పని పూర్తయ్యే దాకా బావ గోలీలు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆపితే అంతా చెడుతుంది. ఇది మాత్రం నీ వాక్యంలా పట్టుకో.

తెల్లవే అని బావకు చెప్పు. పేర్లు పెట్టం. గుర్తు కోసం తోక మీద రంగు పెన్నుతో గీత గీస్తాం. నీలిగీత ఒకటుంది. మూలన కూర్చుని, అచ్చం బావలాగే తల ఒక పక్కకు వంచి ఏదో వింటున్నట్టు ఉంటుంది.

పూర్ణిమ


ఆర్మూర్,
18 ఫిబ్రవరి 2024

బిడ్డా,

పసుపు ఉడుకుతున్న కాలం. ఊరంతా ఆవిరి, కళ్లు మంట. అయినా సంతోషంగా రాస్తున్నాను.

నీ బావ పనికి పోతున్నాడు! ముత్తెన్న పటేల్ పసుపు ఉడికించే కొప్పెర దగ్గర కొమ్ములు ఎత్తిపోస్తున్నాడు. స్నానం చేస్తున్నాడు. నిన్న కమలవ్వ కొంగు నిప్పుకు తగలబోతే వాడే పట్టి లాగాడు. "ఏందిరో, మళ్ల మనుషులల్ల వడ్డవా?" అని ఆమె అంటే, "నీ చీర ఖరీదు చూసి వడ్డ పెద్దమ్మా" అన్నాడట. నా కొడుకు పరాచికాలు ఆడాడు! ఆ మాట నాకు చెప్పడానికి కమలవ్వ మోకాళ్ల నొప్పితో మా ఇంటిదాకా నడిచింది.

గోలీలు నేను గుర్తు చేయనక్కరలేదు. తనే మింగుతున్నాడు. నోరు ఎండుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, అయినా మింగుతాడు. ఎందుకో తెలుసా? "నేను మింగకపోతె గా ఎలుక కష్టం వట్టిగ పోతది" అంటాడు. తినేటప్పుడు మక్కగింజలు కొన్ని తీసి డబ్బాలో వేస్తున్నాడు. నీలిగీతకట. నవ్వొస్తుంది, కడుపూ నిండుతుంది.

పని ఎందాక వచ్చింది? కింద వాడు తన చేత్తో రాశాడు. నేను దిద్దలేదు.

నీ అత్త

పూర్ణిమా, నీలిగీతకు మాటలు వినవడుతున్నయా. తిడితె పట్టించుకోవద్దని చెప్పు. జరసేపు ఓర్చుకుంటె అవే ఊకుంటయి. నాకు గట్లనే అయితది. జితేందర్


బెంగళూరు,
14 మార్చి 2024

అత్తా,

బావ రాసిన ముక్క నా పర్సులో పెట్టుకున్నాను. ఎలుకకు మాటలు వినిపిస్తాయో లేదో తెలుసుకునే మిషన్ ఎవరి దగ్గరా లేదు. అది చెప్పలేదు, మేం అడగలేం. నెత్తురు బొమ్మ ఒక్కటే మాకు దొరికేది. ఇన్నేళ్లలో ఎలుకను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి బావే.

ఈ విడత పని పూర్తయింది. స్కాన్లన్నీ బాగా వచ్చాయి, మా సారు మెచ్చుకున్నారు. స్కాన్లు అయ్యాక మెదడును విడిగా తీసి పరీక్ష చేయాలి. కాబట్టి ఆ ఎలుకలు ఇక లేవు. నీలిగీత కూడా. నొప్పి తెలియకుండానే చేస్తాం. చేసింది నేనే. చేతిలోకి తీసుకుంటే తల పక్కకు వంచింది.

ఇక్కడ ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు. నీకు కాక ఎవరికి రాసుకోను? బావకు మాత్రం చెప్పకు.

పూర్ణిమ


ఆర్మూర్,
3 ఏప్రిల్ 2024

బిడ్డా పూర్ణిమా,

సమాధి తెరుచుకుంది! మొన్న ఆదివారం ఈస్టర్ పండుగ నాడు మా రేకుల షెడ్డు కింద పట్టనంత జనం. పాస్టరు లేని కూడికకు జక్రాన్‌పల్లి నుంచి కూడా వచ్చారు, లసుమవ్వ కొడుకు సాక్ష్యం వినాలని.

నీ ఉత్తరం వచ్చిన రోజే గోలీలు బంద్ చేశాను. పని పూర్తయ్యే దాకా అన్నావు. పూర్తయింది అని నీ చేత్తోనే రాశావు. పందులు నీళ్లలో పడ్డాయి. ఇక ఆ మనిషి గొలుసులు ఎందుకు మోయాలి? మన దగ్గర పద్ధతి నీకు తెలుసు. స్వస్థత పొందాను అని నిలబడేవాడు జేబులో మందు పెట్టుకుని నిలబడకూడదు. దేవుణ్ణి సగమే నమ్మినట్టు అవుతుంది.

నువ్వు చెప్పవద్దన్నావు. కాని సాక్ష్యం పాతిపెట్టేది కాదు. నీ ఉత్తరంలో పని పూర్తయిందన్న దగ్గర నుంచి నీలిగీత కూడా లేదన్న దాకా మైకులో చదివాను. ఆడోళ్లు ఏడ్చారు. నన్ను వెక్కిరించినవాళ్లే చేతులెత్తారు. తర్వాత మైకు జితేందర్ చేతికిచ్చాను.

వాడు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత, "గా నీలిగీతను ఎవరు సంపిన్రు? అది నా కోసం మోసింది గదా. నన్ను ఒక్క మాట అడగకుండ ఎట్ల సంపిన్రు?" అన్నాడు. జనం అటూ ఇటూ చూసుకున్నారు. నేను పాట ఎత్తుకుని సర్దేశాను. సంతోషం ఎక్కువైతే మాట తడబడుతుంది.

అప్పటి నుంచి అన్నం సగం వదిలేస్తున్నాడు. ఉపవాసం పట్టాడనుకుంటున్నాను. నిద్ర లేదు, వాక్యం ధ్యానిస్తున్నాడేమో. బెంగళూరు ఏ దిక్కున ఉంటుందని ఇనాయత్‌ను అడిగాడట. ఇనాయత్ పెద్ద రోడ్డు చూపించి, "గీ రోడ్డే భాయ్, సీదా పోతే బెంగళూరే. పెట్రోలు నువ్వు పోయించు, నేను ఆటోల తోల్కపోత" అన్నాడట. నిన్ను చూడాలని ఉన్నట్టుంది వాడికి. వీలైతే ఒకసారి రా. వాడు బట్టలు కట్టుకుని కూర్చుని ఉండగా చూడు.

గెలిచిన నీ అత్త


బెంగళూరు,
8 ఏప్రిల్ 2024

అత్తా, ఇది అందేలోపే నేనే వస్తాను. అయినా రాస్తున్నాను, రాయకుండా ఉండలేక.

గోలీలు వెంటనే మొదలుపెట్టు. ఇనాయత్ మామకు ఫోన్ చేశాను, ఇంటికి పరుగెత్తుతానన్నాడు. బావ జబ్బు బావలోనే ఉంది. ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. మందు ఎక్కించి మేమే ఎలుకకు వేరే జబ్బు తెప్పించాం. బావకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నీకు నచ్చే మాట రాస్తే గోలీలు ఆగవనుకున్నాను. ఆ మాట నమ్మే నువ్వు ఆపావు. బావ బాగైంది ఆ గోలీలతోనే. బావను ఒంటరిగా వదలకు. చేయి పట్టుకుని కూర్చో. నేను బస్సెక్కుతున్నా


ఆర్మూర్,
20 మే 2024

పూర్ణిమా,

నువ్వు వచ్చావు, మట్టి వేశావు, వెళ్లావు. నేను నీతో మాట్లాడలేదు. నోట మాట రాక కాదు. తెరిస్తే ఏం వస్తుందోనని భయపడ్డాను. పసుపు కాడ ఎంతమందిని వణికించిన నోరిది, దానికి నేనే భయపడ్డాను. ఇప్పుడు చేతితో చెప్తాను.

ఇనాయత్ నీ ఫోను అందుకుని పరుగెత్తుకొచ్చేసరికి వాడి పక్క ఖాళీగా ఉంది. తెల్లవారుతుండగా వాకిలి ఊడుస్తున్న ఇనాయత్ భార్య వహీదాకు కనపడ్డాడట. "ఎటు పోతున్నవ్ బేటా?" అంటే, "బెంగళూరు పోతున్న చాచీ. ఇంక కొన్ని ఎలుకలు ఉంటయి గదా డబ్బాలల్ల. నాది నేను వాపస్ తీసుకుంట. వాటిని ఇడిచిపెట్టుమంట" అన్నాడట. ఆమె పిచ్చిమాట అనుకుంది. నేనైతే ఏమనుకునేదాన్నో.

ఆటోలో వెంటపడ్డాం. జక్రాన్‌పల్లి దాటాక జనం గుమిగూడి ఉన్నారు. లారీ ఆగలేదు. రోడ్డు మధ్యలో తెల్లగీత పట్టుకుని నడుస్తున్నాడని ఎవరో అన్నారు. పోలీసులు వచ్చేదాకా వాడి పక్కన కూర్చున్నాను. కుక్కలు వస్తే తరిమాను, కాకులు వాలితే కొంగుతో తోలాను. రాజు చంపించిన కొడుకుల శవాల దగ్గర గోనెపట్ట పరచుకుని, పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని రానివ్వకుండా కూర్చున్న ఒక తల్లి గ్రంథంలో ఉంది. రిస్పా. ఆమె మీద నేనెప్పుడూ ప్రసంగం చేయలేదు. ఆమె ఏం మాట్లాడిందో అందులో రాయలేదు. ఎందుకు రాయలేదో ఆ రోడ్డు మీద తెలిసింది.

పందుల కథ మళ్లీ చదివాను. బాగుపడిన మనిషి పడవ దగ్గరికి వచ్చి నేనూ నీతో వస్తానంటాడు. వద్దు, నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరికి పో అంటాడు ప్రభువు. ఇన్నేళ్లు ఆ కథ చెప్పి ఎందరినో ఏడిపించాను. అందులో పందుల గురించి అడిగినవాడు ఒక్కడు లేడు. నేనూ అడగలేదు. నా కొడుకు అడిగాడు. మైకు పట్టుకుని, అందరి ముందు, వాడికి వచ్చిన మాటల్లో అడిగాడు. వాడికి బుద్ధి కుదిరిందో లేదో నాకు తెలియదు. ఆ షెడ్డు కింద అంత దయగల మాట ఎవరూ మాట్లాడలేదని మాత్రం తెలుసు. దాని మీద నేను పాట పాడాను.

కూడికకు పోవడం లేదు. కమలవ్వ వస్తుంది, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి పోతుంది.

నీ మీద కోపం ఉంది. నా మీద కూడా ఉంది. దేవుని మీద ఉన్నది వాటికన్నా పెద్దది, అది ఆయనా నేనూ చూసుకుంటాం. నువ్వు మధ్యలోకి రాకు, అత్తా నీ తప్పేం లేదు అని రాయకు. నాకు ఒకటి కావాలి. ఆ రోగం అసలేమిటో, నెత్తురు ఎటు పోతుందో, ఎలుకలో పెట్టేది ఏమిటో, నా కొడుకులో ఉన్నది ఏమిటో ఉన్నదున్నట్టు రాయి. నాకు నచ్చేట్టు రాయవద్దు. అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా చదువుతాను. వాక్యం కూడా అట్లనే నేర్చుకున్న.

చొక్కా పంపించు. మిగతా బట్టలన్నీ ఆడోళ్లు ఉతికి ఆరేశారు, మంచిదనుకుని. దాంట్లో తప్ప ఇంకెక్కడా వాడి చెమట లేదు.

ఈ కవరులో ఉన్నవి మక్కగింజలు. పోలీసులు వాడి జేబులోంచి తీసి నా కొంగులో పోసినవి. పగిలినవి ఏరేశాను. మీ డబ్బాల్లోకి బయటి తిండి పోనిస్తారో లేదో నాకు తెలియదు. ఎట్లన్న ఒకదానికి పెట్టు. సూది వేసినంక కాదు బిడ్డా. ముందుగాలనే పెట్టు, దానికి ఇంక ఏ మాటా వినవడకముందే.

లసుమవ్వ